హైబ్రిడ్ కారు – ఇంజను నూనె
(పాతబండి కొన్నవారును, పంచాయతీ సభ్యులును తెలిసికొనవలసిన విషయములు)

ఎద్దుబండి తోలిన రైతునకు కందెన విలువ వేరుగ చెప్పనక్కరలేదు. చెరకు తోలకమునకు బయలుదేరక ముందే ఇరుసునకు కందెన పట్టించి, చక్రమును చేతితో త్రిప్పి చూచి, ఆ తరువాతనే ఎడ్లను కట్టుట మన పెద్దల అలవాటు. కందెన ఎండిన ఇరుసు మొదట కీచుమని చప్పుడు చేయును, పిదప వేడెక్కును, తుదకు అరిగి విరుగును. ఆ చప్పుడే రైతునకు హెచ్చరిక. నేడు మన గ్రామములకు వచ్చుచున్న క్రొత్తరకపు కార్లలో ఈ హెచ్చరిక సులభముగ వినబడదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

రోలుగుంట మండలము చోడవరము శాసనసభా నియోజకవర్గములోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి జిల్లా ఏర్పడువరకు ఇది విశాఖపట్నము జిల్లాలో భాగముగ నుండెను. వరియు, చెరకును పండు ఈ ప్రాంతమున ఒకప్పుడు సైకిలే గొప్ప వాహనము. పిమ్మట మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు, ఆటోలు వచ్చినవి. పట్టణములలో ఉద్యోగము చేయువారు నాలుగైదు సంవత్సరములు వాడి విడిచిన కార్లు ఇప్పుడు పల్లెలకు చేరుచున్నవి. అట్టివానిలో పెట్రోలుతోను, విద్యుత్తుతోను నడుచు హైబ్రిడ్ కార్లును ఉండుట కలదు.

ఒక వీధిలో ఒక కారున్నచో అది ఒక యింటివారికి మాత్రమే చెందినదని తలచుట పొరపాటు. పాము కరచినవానిని, పురిటినొప్పులు పడు తల్లిని రాత్రివేళ నర్సీపట్నము ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినపుడు, 108 బండి వచ్చుటకు ఆలస్యమైనచో, ఊరివారందరి చూపును ఆ కారుమీదనే పడును. అట్టి బండి నడిదారిలో నిలిచిపోయినచో కలుగు నష్టము రూపాయలలో లెక్కింపదగినది కాదు. మూడున్నర లీటర్ల నూనె విషయమున చూపిన అశ్రద్ధయే అంతటి కీడునకు కారణము కాగలదు. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యులు స్వయముగ తెలిసికొని, తమ వార్డులలోని వారికి తెలియజేయుట మేలు.

హైబ్రిడ్ కారనగా నేమి?

రెండు శక్తులతో నడుచు కారునకు హైబ్రిడ్ కారని పేరు. దానియందు మామూలు పెట్రోలు ఇంజనుతోబాటు ఒక విద్యుత్ మోటారును, దానికి శక్తినిచ్చు పెద్ద బ్యాటరీయు ఉండును. బ్రేకు వేసినపుడు వృథాగ పోవు శక్తిలో కొంతభాగము విద్యుత్తుగ మారి బ్యాటరీలో నిలువయగును. ఊరిలో మెల్లగ పోవునపుడు కారు మోటారుతోనే నడుచును. వేగము హెచ్చినపుడును, మిట్ట ఎక్కునపుడును, బ్యాటరీలో శక్తి తగ్గినపుడును ఇంజను తనంతట తానే నడువసాగును. ఇందువలన పెట్రోలు ఆదా అగును.

ఇట్టి కారును మొట్టమొదట పెద్దయెత్తున తయారుచేసి అమ్మినది జపాను దేశపు టొయోటా సంస్థ. ప్రియస్ అను ఆ కారు 1997లో జపానులో అమ్మకమునకు వచ్చినది. 2010లో భారతదేశమునకు వచ్చినది. 2013 నుండి క్యామ్రీ హైబ్రిడ్ కారును కర్ణాటకలోని బిడదిలో తయారుచేయసాగిరి. 2015లో మారుతి సంస్థవారు సియాజ్, ఎర్టిగా కార్లలో చిన్నతరహా హైబ్రిడ్ ఏర్పాటును ప్రవేశపెట్టిరి. 2022లో హోండా సిటీ, టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ అను హైబ్రిడ్ కార్లు వెలువడినవి.

వీనిలో రెండు తరగతులు కలవు. మొదటిది మైల్డ్ హైబ్రిడ్. ఇందు మోటారు ఇంజనునకు సాయపడునే కాని ఒంటరిగ బండిని నడుపజాలదు. రెండవది స్ట్రాంగ్ హైబ్రిడ్. ఇందు మోటారొక్కటియే కొంతదూరము బండిని నడుపగలదు. ఏ తరగతిదైనను ఇందలి పెట్రోలు ఇంజనునకు నూనె తప్పదు. "కరెంటు బండికి ఆయిలెందుకు?" అను మాట పూర్తిగ బ్యాటరీతో నడుచు కారునకు చెల్లునే కాని హైబ్రిడ్ కారునకు చెల్లదు.

ఇంజనులో నూనె చేయు పని

ఇంజనులోని లోహపు భాగములు నిమిషమునకు రెండు మూడు వేల చుట్లు తిరుగుచుండును. ఆ భాగముల నడుమ తల వెండ్రుక కంటెను సన్నని నూనె పొర ఒకటి ఉండును. లోహము లోహమును తాకకుండ కాపాడునది ఆ పొరయే. ఇంతియేకాక నూనె లోపలి వేడిని మోసికొనిపోవును, మసిని, లోహపు రజనును తనలో కలుపుకొని ఫిల్టరునకు చేర్చును, తుప్పు పట్టనీయదు, పిస్టనునకును గోడకును నడుమనున్న సందును మూసి శక్తి జారిపోకుండ చేయును. ఈ పనులన్నియు చేయుచు నూనె క్రమముగ తన గుణమును కోల్పోవును. కావుననే దానిని ఎప్పటికప్పుడు చూచుచుండవలెను, గడువునకు మార్చవలెను.

హైబ్రిడ్‌లో ప్రత్యేక శ్రద్ధ యెందుకు?

ఇంజను తక్కువసేపు నడుచుటచే నూనె ఎక్కువకాలము మన్నునని చాలమంది తలచుదురు. ఇందు సగము మాత్రమే నిజము.

పెట్రోలు మండునపుడు నీరు పుట్టును. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున ఏర్పడును. అందు అధికభాగము పొగగొట్టము గుండ బయటికి పోవును. కొద్దిభాగము పిస్టను ప్రక్కలనుండి జారి క్రింది నూనెలో కలియును. మండని పెట్రోలును కొంచెము అట్లే చేరును. ఇంజను బాగుగ వేడెక్కి కొంతదూరము ఆగకుండ నడిచినచో ఈ నీరును, పెట్రోలును ఆవిరియై పోవును. హైబ్రిడ్ కారులో ఇంజను కొద్దిసేపు నడిచి ఆగును, మరల నడుచును, మరల ఆగును. ఇంటినుండి సంతకు, సంతనుండి బడికి, బడినుండి ఇంటికి తిరుగు బండిలో ఇంజను ఒక్కసారియైనను చక్కగ వేడెక్కదు. అప్పుడు నీరు నూనెలోనే నిలిచి దానిని చెరచును.

రెండవది, ఇంజను మాటిమాటికి ఆగి లేచుచుండుటచే లేచిన ప్రతిసారియు నూనె క్షణములో అన్ని భాగములకు అందవలెను. అందులకై ఈ కార్లకు సాధారణముగ పలుచని నూనెను నిర్ణయించుదురు. చిక్కని నూనె పోసినచో ఆ మేలు చెడును.

మూడవది, కారు చప్పుడు లేకుండ నడుచుటచే ఇంజను సంగతియే యజమాని మరచును. అన్నిటికంటె పెద్ద ప్రమాదము ఇదియే.

ఒక అనుభవము

ఈ వ్యాసకర్త నాలుగేండ్లు వాడిన హైబ్రిడ్ కారు నొకదానిని కొనుట జరిగినది. అమ్మినవాడు "ఆయిలు మొన్ననే మార్చినాము; సంవత్సరము వరకు చూడనక్కరలేదు" అని చెప్పెను. సర్వీసు పుస్తకము అడుగగా ఇల్లు మారినపుడు పోయినదనెను. బండి చప్పుడు లేకుండ, నున్నగ నడుచుచుండెను. ఆ మాట నమ్మి మూడు నెలలు తిరుగుట జరిగినది.

ఒకనాడు కార్యార్థమై రోలుగుంట ప్రాంతమునకు పోయినపుడు ఒక చెరకు రైతు ఇంటి ముంగిట కారు నిలిపితిని. అరువది యేండ్లు దాటిన ఆయన ముప్పది సంవత్సరములు ట్రాక్టరు తోలినవాడు. కారు చుట్టును ఒకమారు తిరిగి, "బాబూ, గేజీ సూసినారేటి?" అని అడిగెను.

"మొన్ననే మార్చినారట, మావయ్యా. పైగా బండి చప్పుడే చేయదు" అంటిని.

"సప్పుడు సెయ్యకపోతే ఇంజను లేదనుకుంటే ఎలగ బాబూ? ఓపాలి తీసి సూడండి" అనెను.

బానెట్టు ఎత్తి కడ్డీ లాగి చూడగా కొనయందు నల్లని చుక్క ఒక్కటి తప్ప నూనె జాడ లేదు. ఆ దినముననే విశాఖపట్నమునకు తిరిగి పోవలసియున్నది. ఆ ప్రయాణమున ఇంజను పట్టివేసినచో బాగుచేయుటకు కారు వెలలో పెద్దభాగమే ఖర్చయ్యెడిది. తగిన నూనె తెప్పించి పోసి, మెల్లగ నడిపి, మరునాడు మార్పించితిమి. విప్పిన ఫిల్టరు చూచిన మెకానిక్కు, అది ఒక్కమారును మార్చినది కాదని చెప్పెను. తెలిసినవాడననుకొన్న నాకు ఆనాడు పాఠము చెప్పినది ఆ రైతు. మాటను నమ్మరాదు, కడ్డీని నమ్మవలెను.

నూనె మట్టము చూచు విధము

ఇది అయిదారు నిమిషముల పని. నెలకు ఒకసారియు, దూరప్రయాణమునకు ముందును తప్పక చేయవలెను. పాతబండి కొన్న మొదటి రెండు నెలలు వారమునకు ఒకసారి చూచుట మంచిది.

1. ఇంజను వేడెక్కునట్లు కొంతదూరము బండి నడిపి, చదునైన చోట నిలుపవలెను. వాలున నిలిపినచో లెక్క తప్పును.

2. గేరును పార్కులో నుంచి, చేతిబ్రేకు వేసి, బండిని పూర్తిగ ఆపవలెను. మీటలముందు "రెడీ" అను దీపము ఆరినదో లేదో చూడవలెను. ఆ దీపము వెలుగుచున్నంతవరకు ఇంజను చప్పుడు లేకున్నను బండి నడుచుచున్నట్లే. బ్యాటరీ తగ్గినచో ఇంజను హఠాత్తుగ తిరుగసాగును. చేయి లోపల నున్నచో వ్రేళ్లు తెగును. తాళపుచెవిని బండికి దూరముగ, ఇంటిలో నుంచుట క్షేమము. పిల్లలచేతికి ఈయరాదు.

3. అయిదు నిమిషములు ఆగవలెను. పైకెక్కిన నూనె క్రిందికి దిగుటకు ఈ వ్యవధి చాలును.

4. బానెట్టు ఎత్తి, పసుపుపచ్చని పిడి గల గేజీ కడ్డీని లాగి, శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. పీచులు రాలు గుడ్డ పనికిరాదు.

5. కడ్డీని మరల పూర్తిగ లోనికి దించి, వెంటనే లాగి, అడ్డముగ పట్టి చూడవలెను. మొదటిసారి చూచిన మట్టము లెక్కలోనికి రాదు. రెండవసారి చూచినదే నిజము.

కడ్డీపై రెండు గుర్తులుండును. నూనె ఆ రెండింటి నడుమ నుండవలెను. క్రింది గుర్తునకు దిగువనున్నచో వెంటనే పోయవలెను. చాల కార్లలో రెండు గుర్తుల నడుమ దూరము సుమారు ముప్పాతిక లీటరు మొదలు ఒక లీటరు నూనెకు సమానము. కావున ఒక్కసారిగ డబ్బా కుమ్మరింపక, పావులీటరు చొప్పున పోసి, ఆగి, చూచుచుండవలెను. పైగుర్తును దాటినచో మేలనుకొనరాదు. ఎక్కువైన నూనెను తిరుగు భాగములు చిలుకగా నురుగు పుట్టును. నురుగు కందెనగ పనిచేయదు.

కడ్డీ చెప్పు సంగతులు

నూనె నల్లబడినంత మాత్రమున చెడినదని చెప్పరాదు. మసిని తనలో కలుపుకొనుట దాని పనియే. క్రింది గుర్తులను గమనించవలెను.

మట్టము నెలనెలకు తగ్గుచున్నచో నూనె కారుచున్నదనియో, మండుచున్నదనియో తెలియవలెను. బండి నిలిపినచోట నేలపై మరకలున్నవేమో చూడవలెను. పొగ నీలిరంగున వచ్చుచున్నచో నూనె మండుచున్నదని అర్థము.

మట్టము పోయకయే పెరుగుచున్నచో పెట్రోలో, నీరో కలియుచున్నదని అర్థము. కడ్డీని వాసన చూచినచో పెట్రోలు వాసన తెలియును. అట్టిచో నూనె మార్చుటయేకాక, కారణమును కూడ కనిపెట్టింపవలెను.

నూనె పోయు మూత అడుగున మజ్జిగ నురుగువంటి తెల్లని పొర కనిపించుట కలదు. చలికాలమున, చిన్నచిన్న ప్రయాణముల వలన అది కొంచెముగ ఏర్పడవచ్చును. కడ్డీకి అంటిన నూనెయే తెల్లగ మారియున్నచో ఇంజనును చల్లబరచు నీరు నూనెలో కలియుచున్నదనుకొనవలెను. అట్టి బండిని కొనరాదు. కొనియున్నచో నడుపరాదు, మెకానిక్కును పిలువవలెను.

వ్రేళ్ల నడుమ రాచినపుడు ఇసుకవలె గరగరలాడినచోను, తళుకు రజను కనిపించినచోను లోపలి భాగములు అరుగుచున్నవని గ్రహింపవలెను.

ఇక నూనెకుండ బొమ్మగల ఎర్రదీపము సంగతి. చాలమంది దీనిని నూనె మట్టము తెలుపు దీపమనుకొందురు. అది తెలుపునది నూనె ఒత్తిడిని. ఆ దీపము వెలుగునాటికి ఆలస్యము జరిగియే యుండును. నడుచుచుండగా వెలిగినచో మరొక ఫర్లాంగైనను పోక, బండిని ప్రక్కకు తీసి ఆపివేయవలెను.

ఏ నూనె పోయవలెను?

కారుతో వచ్చిన పుస్తకమున వ్రాసిన నూనెయే పోయవలెను. పుస్తకము లేనిచో ఆ సంస్థ సర్వీసు కేంద్రమున బండి నమూనాను, సంవత్సరమును చెప్పి కనుగొనవచ్చును. నూనె పోయు మూతపైనను కొన్ని బండ్లలో వ్రాసియుండును.

డబ్బాపై "0డబ్ల్యు-16", "0డబ్ల్యు-20", "5డబ్ల్యు-30", "15డబ్ల్యు-40" అని గుర్తులుండును. "డబ్ల్యు" అను అక్షరము శీతకాలమును తెలుపు ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరము. దానికి ముందున్న అంకె చల్లని ఇంజనులో నూనె ఎంత పలుచగ పారునో తెలుపును. తరువాతి అంకె వేడెక్కినపుడు ఎంత చిక్కగ నిలుచునో తెలుపును. అంకె తగ్గినకొలది నూనె పలుచన. హైబ్రిడ్ కార్లలో అనేకమునకు 0డబ్ల్యు-16, 0డబ్ల్యు-20 వంటి పలుచని నూనెలనే నిర్ణయించియున్నారు.

మన యిండ్లలో ట్రాక్టరునకు తెచ్చిన 15డబ్ల్యు-40 నూనె మిగిలియుండుట సహజము. "చిక్కనిది గట్టిది" అని దానిని కారులో పోయు అలవాటును మానవలెను. ట్రాక్టరు డీసెలు ఇంజను; గంటల తరబడి ఆగకుండ నడుచునది. దాని అవసరము వేరు. నిమిషమునకు ఒకసారి ఆగి లేచు ఇంజను అవసరము వేరు. మోటారు సైకిలు నూనెయును ఇట్లే పనికిరాదు. నూనెను రశీదుతో, సీలు చెదరని డబ్బాలో కొనవలెను. వాడిన డబ్బాను పారవేయునపుడు మూతకు రంధ్రము చేసినచో దానిని నకిలీ నూనెకు వాడుట కుదరదు.

నూనె మార్చు విధము

పెట్రోలు కార్లకు సాధారణముగ 10,000 కిలోమీటర్లకో, సంవత్సరమునకో, ఏది ముందైన అప్పుడు నూనె మార్చుట వాడుక. మీ బండి పుస్తకమున వేరుగ నున్నచో దానినే అనుసరింపవలెను. హైబ్రిడ్‌లో "ఏది ముందైన" అను మాటనే గట్టిగ పట్టుకొనవలెను. బండి తిరిగినది 3,000 కిలోమీటర్లే యైనను సంవత్సరము నిండినచో నూనె మార్చవలెను. పూర్వచరిత్ర తెలియని పాతబండికి కొన్న వారములోనే నూనెయును, ఫిల్టరును మార్చి, ఆ తేదీని, కిలోమీటర్లను వ్రాసికొనవలెను. మొదటిసారి 5,000 కిలోమీటర్లకే మరల మార్చినచో లోపల పేరుకొన్న మడ్డి కొంత పోవును.

వారంటీ మిగిలియున్న బండిని సంస్థ సర్వీసు కేంద్రమునకే తీసికొనిపోవుట మంచిది. ఊరి షెడ్డులో చేయించువారు దగ్గర నిలిచి ఈ క్రింది వరుసను గమనింపవలెను.

1. బండిని కొంచెము వేడిచేసి ఆపవలెను. గోరువెచ్చని నూనె మడ్డితోసహా దిగును. మిక్కిలి వేడి నూనె చేయి కాల్చును. "రెడీ" దీపము ఆరియుండవలెను. తాళపుచెవి దూరముగ నుండవలెను.

2. జాకీతో ఎత్తిన బండి క్రిందికి ఎవరును దూరరాదు. గట్టి స్టాండులపై నిలిపి, నేలపైనున్న చక్రములకు అడ్డుచెక్కలు పెట్టిన పిదపనే దూరవలెను. ఇటుకలు, కొబ్బరిమొద్దులు స్టాండులు కావు. ఎత్తిన బండి జారి ప్రాణములు పోవుట కలదు.

3. నారింజరంగు తొడుగుగల తీగెలను తాకరాదు. వానిలో ప్రవహించునది ప్రాణము తీయగల విద్యుత్తు. నూనె మార్చుటకు వానితో పనిలేదు.

4. బండి అడుగున ఒకదాని ప్రక్క నొకటిగ రెండు బోల్టులు కనిపించుట కలదు. ఒకటి ఇంజను నూనె దింపునది. రెండవది గేరుపెట్టె నూనె దింపునది. హైబ్రిడ్ కారు పరిచయము లేని షెడ్డులలో రెండవదానిని విప్పుట జరుగవచ్చును. అప్పుడు మోటార్లు గల గేరుపెట్టె ఎండిపోవును. ఇంజనులో పాతనూనెపై క్రొత్తనూనె చేరి రెట్టింపగును. ఒక్క పొరపాటున రెండు యంత్రములకు చేటు. విప్పకముందే పుస్తకములోని బొమ్మతో సరిచూడవలెను.

5. వెడల్పు పళ్లెమును క్రిందనుంచి, నూనె పోయు మూతను తీసి, బోల్టు విప్పవలెను. ధార ఆగి చుక్కలుగ మారువరకు ఓపికతో ఉండవలెను.

6. బోల్టునకు క్రొత్త వాషరు వేసి బిగింపవలెను. బలముకొలది బిగించినచో అల్యూమినియము చాంబరు మరలు తెగును. పుస్తకమున చెప్పినంత బిగింపే చాలును.

7. పాత ఫిల్టరు విప్పినపుడు దాని రబ్బరు చుట్టు ఇంజనుకే అంటియున్నదేమో చూచి తీసివేయవలెను. క్రొత్తచుట్టునకు నూనె రాసి, చేతితో బిగింపవలెను. కొన్ని బండ్లలో ఫిల్టరు డబ్బావలె కాక కాగితపు గుళ్లవలె ఉండును. దానితో వచ్చిన రబ్బరు చుట్టులన్నిటిని మార్చవలెను.

8. గరాటుతో క్రొత్తనూనె పోయవలెను. చిన్న ఇంజన్లకు సుమారు మూడున్నర లీటర్లు, పెద్దవానికి నాలుగు లీటర్లకు పైగ పట్టును. సరియైన కొలత పుస్తకమున ఉండును. చెప్పినదానికంటె అరలీటరు తగ్గించి పోసి, కడ్డీ చూచి, మిగిలినది కొద్దికొద్దిగ చేర్చవలెను. నీరు చల్లబరచు డబ్బాలు హైబ్రిడ్‌లో రెండుండవచ్చును. వానిలో నూనె పోయరాదు.

9. బండిని రెడీలో నుంచవలెను. చల్లని ఇంజను సాధారణముగ కొద్ది క్షణములలో తానే నడువసాగును. నడువకున్నచో చెడిపోయినదని భయపడనక్కరలేదు. ఇంజనును నిలుకడగ నడిపించు పద్ధతి పుస్తకమున ఉండును. ఎర్రదీపము ఆరినదా, అడుగున కారుచున్నదా అని చూచి, ఆపి, అయిదు నిమిషముల తరువాత మట్టమును మరల సరిచూడవలెను.

తీసిన నూనె: పంచాయతీ బాధ్యత

ఇంతవరకు చెప్పినది యజమాని పని. ఇక చెప్పబోవునది ఊరి పని.

ఒక కారునుండి దింపిన మూడున్నర లీటర్ల నల్లనూనె ఎక్కడికి పోవుచున్నది? షెడ్డు వెనుక మురుగుకాలువలోనికి, అచ్చటినుండి చెరువులోనికి, లేదా నేలలోనికి. ఒక్కసారి మార్చిన నూనె పది లక్షల గ్యాలన్ల, అనగా సుమారు 38 లక్షల లీటర్ల మంచినీటిని చెరుపగలదని అమెరికా దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరించినది. వాడిన నూనెలో అరిగిన లోహముల రజనును, మండగా పుట్టిన విషపదార్థములును ఉండును. నీటిపై అది పలుచని పొరగ పరచుకొని గాలిని లోనికి పోనీయదు, చేపలు చచ్చును. ఆ చెరువునీరే పశువులు త్రాగును. ఆ నేలలోనుండియే బోరుబావికి నీరు ఊరును.

చెదలు పట్టకుండ దూలములకు పూయుట, దుమ్ము లేవకుండ వాకిట చల్లుట, చెరకు పిప్పితో కలిపి పొయ్యిలో మండించుట మొదలగు పాత అలవాట్లును మంచివి కావు. పూసినది వానకు కడుగుకొనిపోవును. మండించినది విషపు పొగయై పిల్లల ఊపిరితిత్తులలో చేరును.

వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థముగ భారతప్రభుత్వము గుర్తించినది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల ప్రకారము దానిని అనుమతి పొందిన శుద్ధి కేంద్రములకే చేర్చవలెను. 2023లో ఈ నిబంధనలను సవరించి, అమ్మిన నూనెలో కొంతభాగమును వాడిన పిదప తిరిగి శుద్ధి చేయించు బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచిరి. ఆ సవరణ 2024 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. నూనె నిజముగ అరుగదు, మలినమగును. శుద్ధిచేసినచో మరల కందెనగ ఉపయోగపడును. కావున పారబోయుట విషము చల్లుటయేకాక, ధనమును పారబోయుటయు నగును.

రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో త్రాగునీరును, పారిశుద్ధ్యమును కలవు. అందుచే ఈ విషయమున పంచాయతీ చొరవ చూపుట ఎంతయు తగినది. పెద్ద ఖర్చు లేకుండ చేయదగిన పనులు ఇవి:

మొదటిది, గ్రామమున నూనె మార్చు షెడ్లు, ట్రాక్టర్లు, ఆయిలింజన్లు, కార్లు ఎన్ని కలవో వార్డు సభ్యులు పట్టిక వ్రాయవలెను. పంచాయతీ చెత్తబండినికూడ అందు చేర్చవలెను. ఎదుటివారికి చెప్పు ముందు మన బండి నూనె ఎక్కడికి పోవుచున్నదో చూచుకొనుట న్యాయము.

రెండవది, మూతగల పీపా నొకదానిని వాననీరు తగులని పైకప్పు క్రింద, సిమెంటు నేలపై ఉంచవలెను. బావికి, చెరువుకు, ఎరువు తయారుచేయు తొట్లకు దూరముగ నుండవలెను. ప్రక్కనే ఇసుక, రంపపుపొట్టు ఉంచినచో ఒలికిన నూనెను పీల్చును. నీరు, పెట్రోలు, పురుగుమందు ఆ పీపాలో కలుపరాదు. కలిపినచో శుద్ధికి పనికిరాదు.

మూడవది, అనుమతిగల సేకరణదారుల వివరములను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలినుండి తెలిసికొని, పీపా నిండినపుడు వారికే రశీదు పుచ్చుకొని ఈయవలెను.

నాలుగవది, గ్రామసభలో ఈ విషయమును ఒకమారు చర్చించి, కాలువలోను, చెరువులోను నూనె పోయరాదని తీర్మానము చేయవలెను. షెడ్డు నడుపు కుర్రవానిని నేరస్థునిగ చూడక, అతనికి మార్గము చూపవలెను. పోయుటకు తగిన చోటు లేకనే అతడు కాలువలో పోయుచున్నాడు.

కొన్ని ప్రశ్నలు – సమాధానములు

ప్రశ్న: బండి నెలరోజులు కదలలేదు. నూనె చూడవలెనా?
సమాధానము: చూడవలెను. కదలని బండిలో నూనె ఖర్చు కాకున్నను తేమ చేరును. పదునైదు దినములకు ఒకసారియైనను ఇంజను చక్కగ వేడెక్కునట్లు దూరము నడుపుట మంచిది.

ప్రశ్న: నూనె తగ్గినప్పుడెల్ల పోయుచున్నాము. ఇక మార్చనక్కరలేదు గదా?
సమాధానము: మురికినీటి కుండలో రోజును చెంబెడు మంచినీరు పోసినంత మాత్రమున కుండ శుభ్రము కాదు. పోయుట వేరు, మార్చుట వేరు.

ప్రశ్న: పాతబండి కొనునపుడు మొదట చూడవలసినది ఏది?
సమాధానము: సర్వీసు పుస్తకము, గేజీ కడ్డీ, నూనె మూత అడుగు. ఈ మూడును చూపుటకు ఇష్టపడని వానివద్ద బండి కొనరాదు.

ముగింపు

క్రొత్త యంత్రము వచ్చినంతమాత్రమున పాత వివేకము పనికిరాక పోదు. ఇరుసునకు కందెన పట్టించి, చక్రము త్రిప్పి చూచిన చేతులే నేడు గేజీ కడ్డీ తీసి చూడవలెను. చప్పుడు లేని బండి యెదుట ఏమరుపాటు తగదు. సభ్యులు ఈ నెలలోనే తమ వార్డులలో హైబ్రిడ్ కారు గల యజమానిని ఒకరిని కలిసికొని, అతని ముంగిట నిలిచి, కడ్డీ తీయించి చూపింపవలెను. ఆ వెనుక తీసిన నూనె ఏ కాలువలో కలియుచున్నదో ఆ కాలువవెంట నడిచి చూడవలెను. ఈ రెండు పనులవలనను ఊరి బండి అర్ధరాత్రి దారిలో నిలువక నడుచును. ఊరి చెరువు తేటగ నుండును.